పాఠకుల ప్రశ్నలు: ‘గుండు’ ఎవరు ఎవరికి కొడతారు?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆడబిడ్డ కుటుంబం కాకినాడ నుంచి మొక్కు తీర్చుకోవడానికి వస్తూ, గది చూసిపెట్టమని ఆమె భర్తను ముందుగా పంపింది. ఆయన నాకు అన్న వరస. మా ఇంట్లో దిగమంటే మొహమాటపడి, బస్టాండు దగ్గర ఎవరో మధ్యవర్తి గది ఇప్పిస్తానంటే నమ్మి డబ్బు ఇచ్చాడు. ఆ మనిషి మళ్లీ కనిపించలేదు. అన్న ఇంటికి ఫోన్ చేసి, ‘నాకు ఇక్కడ గుండు కొట్టేశారు’ అన్నాడు. అందరమూ కలిసి కొండమీద ఇవ్వాల్సిన మొక్కును ముందే ఒక్కడివే ఎలా ఇచ్చేశావని మా వదిన అలిగింది. తగువు తీరింది గాని, నాకు అనుమానం మిగిలింది. మోసాన్ని గుండు అనడం మన తిరుపతిలోనే పుట్టిందా? దేవుడి మొక్కు పేరును అలా వాడటం తప్పు కాదా? అసలు గుండు అనే మాటకు మూలార్థం ఏమిటి?
(ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: మీ అన్నగారు మాట్లాడిన తెలుగులో తప్పు లేదు. నిజానికి ఆయన వాడిన క్రియలోనే మీ వదినగారి అనుమానానికి సమాధానం ఉంది. మొక్కు తీర్చుకున్న మనిషి ‘గుండు కొట్టించుకున్నాను’ అంటాడు. అందులో ‘ఇంచు’ మరొకరి చేత చేయించడాన్ని, ‘కొను’ అది తన కోసమేనన్న సంగతిని తెలుపుతాయి. మోసపోయినవాడు ‘నాకు గుండు కొట్టారు’ అంటాడు. అక్కడ పని చేసినవాళ్లు వేరు, పడినవాడు వేరు, పడినవాడి ఇష్టంతో ఎవరికీ నిమిత్తం లేదు. చిన్నపిల్లల విషయంలో మాత్రం ఈ హద్దు కొంచెం చెరుగుతుంది, ఎందుకంటే వాళ్ల ఇష్టాన్ని మనం అడగము: ‘పాపకు కొండమీద గుండు కొట్టించాం’ అంటాము. దెబ్బతిన్నవాడు తనను తానే ఎగతాళి చేసుకుంటూ ‘పోయి పోయి వాడి చేతిలో గుండు కొట్టించుకున్నా’ అనడమూ ఉంది. అయినా సాధారణంగా క్రియను గమనిస్తే మొక్కు ఏదో మోసం ఏదో తేలిపోతుంది. ఫోనులో ఆ తేడా వినిపించకపోవడం వదినగారి తప్పు కాదు; తిరుపతి నుంచి వచ్చిన ఫోనులో గుండు అన్న మాట వినబడితే ఎవరికైనా ముందు కల్యాణకట్టే గుర్తుకొస్తుంది.

ఇక మూలార్థం. గుండు అంటే మొదట జుట్టు లేని తల కాదు. గుండ్రంగా, గట్టిగా, కాస్త బరువుగా ఉండే వస్తువు ఏదైనా గుండే. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువు (మొదటి కూర్పు 1961, సవరించిన కూర్పు 1984) తెలుగు గుండును తమిళంలోని కుండుతో, కన్నడంలోని గుండుతో ఒకే కుదురులో చేర్చింది. 1820లో కడపకు వచ్చి మన ప్రాంతపు పలుకుబడిని దగ్గరగా విన్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1852లో అచ్చయిన తన నిఘంటువులో ఈ మాటకు గుండ్రని రాయి, తుపాకి గుండు వంటి అర్థాలు చూపాడు. మదనపల్లె వైపు ఏ పల్లెకు పోయినా ఏనుగు పడుకున్నట్టుండే బండరాళ్లను గుండ్లంటారు. పండగనాడు కుర్రకారు బలం చూపించడానికి భుజం మీదికి ఎత్తే రాయి గుండు. రోట్లో నూరేది గుండ్రాయి. బడి పిల్లలు ఆటల పోటీలో విసిరేది ఇనుపగుండు.

రాయిగా ఉన్న ఈ మాటే చిన్నదైన కొద్దీ ముద్దుగా మారుతుంది. పుస్తెలకు అటూ ఇటూ కూర్చే బంగారు పూసలు గుండ్లు. తిరుపతి పూల అంగళ్లలో మూరల లెక్కన అమ్మే బొద్దు మొగ్గలు గుండుమల్లెలు. కాగితాలకు గుచ్చే చిన్న సూదికి తల గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది గుండుసూది. మూతి ఇరుకై పొట్ట గుండ్రంగా ఉండేది గుండుచెంబు. పెళ్లి వంటల్లో అన్నం వండే పెద్ద పాత్ర గుండిగ. గుండ్రం అనే మాటా ఈ కుటుంబంలోదే. లెక్కల్లో ఏమీ రాని పిల్లవాడికి వచ్చేది గుండుసున్నా. సున్నా ఎలాగూ గుండ్రంగానే ఉంటుంది, అయినా తిట్టేటప్పుడు ఒత్తి చెప్పడానికి ముందొక గుండు కావాలి.

ఈ వరుసలో తల ఎప్పుడు చేరింది? జుట్టు ఉన్నంతవరకు తలను గుండు అనము. వెంట్రుకలు పోయాక, గుండ్రాయిలా బయటపడ్డప్పుడే దానికి ఆ పేరు వస్తుంది. దాని నిండైన రూపం బోడిగుండు. బోడి అంటే ఉండాల్సినది లేకుండా బోసిగా ఉన్నది. కొమ్ములు లేని ఆవు బోడి ఆవు. వాడుకలో అరిగిన కొద్దీ ‘బోడి’ రాలిపోయి ‘గుండు’ మిగిలిందని నా అభిప్రాయం. రాలిన బోడి ఊరుకోలేదు, ‘నీ బోడి సలహా ఎవరడిగారు’ అంటూ వేరే కాపురం పెట్టుకుంది.

‘కొట్టు’ సంగతి కూడా చెప్పుకోవాలి. గుండు గీస్తారు, గుండు చేస్తారు అనేవాళ్లూ ఉన్నారు గాని, మన వైపు కొట్టడమే ఎక్కువ. తెలుగులో కొట్టు అనే క్రియకు ప్రతిసారీ దెబ్బతోనే పని లేదు: టెంకాయ కొడతాము, చప్పట్లు కొడతాము, సంతకం కొడతాము, డబ్బా కొడతాము. పరాయి సొమ్ము కాజేస్తే కొట్టేయడం అంటాము. అంటే గుండు కొట్టడంలో మోసానికి కావలసిన సరుకు సగం క్రియలోనే సిద్ధంగా ఉంది. నామవాచకం కొంచెం సాయం చేస్తే చాలు.

మీ రెండో ప్రశ్న ఇక్కడే తగులుతుంది. కొండమీద జరిగేదాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. కల్యాణకట్టలో టోకెనుతో పాటు కొత్త బ్లేడు ఇస్తారు. పైకం అడగరాదు, ఇవ్వరాదు. వరసగా కూర్చున్న క్షురకుల ముందు ఒక్కొక్కరే తల వంచుతారు. నీళ్లు పోసి జుట్టంతా నానేలా రుద్ది, ఆ తడి ఆరకముందే మాడు దగ్గర మొదలుపెట్టి కత్తిని కిందికి లాగుతారు. తడిసిన జుట్టు చాపలా చుట్టుకుపోయి ఒళ్లో పడుతుంది. చంటిబిడ్డ ఏడుస్తుంది, నాయనమ్మ గోవిందా అంటుంది. స్నానం చేశాక తల నిండా గంధం పూసుకుంటారు. ఆడవాళ్లలో పూర్తిగా ఇవ్వనివారు మూడు కత్తెర్లు ఇస్తారు. ఈ పనంతటికీ భక్తుల నోట, దేవస్థానం బోర్డుల మీద ఉన్న పేరు తలనీలాల సమర్పణ. నీలం అంటే నల్లనిది అనే అర్థమూ ఉంది, నీలవేణి అనడం అందుకే. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకు స్వామి తలపై కొంత భాగం జుట్టు లేకుండా పోతే, నీలాదేవి అనే గంధర్వ కన్య తన కురులు ఇచ్చిందన్న స్థలపురాణాన్ని కూడా ఆ పేరుకు ముడిపెడతారు. క్షవరం అనే మాట శుభకార్యాల్లో వినబడకూడదని దాన్ని కల్యాణం అన్నారనీ, అందుకే అది కల్యాణకట్ట అయిందనీ పెద్దలు చెబుతారు.

ఇప్పుడు రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టండి. తలనీలాలు అన్నప్పుడు మనం పేరు పెట్టింది ఇచ్చిన వస్తువుకు. గుండు అన్నప్పుడు పేరు పెట్టింది ఇచ్చాక మన దగ్గర మిగిలినదానికి. భక్తుడి దృష్టి దేవుడికి చేరినదాని మీద ఉంటుంది, మోసపోయినవాడి దృష్టి తనకు మిగిలినదాని మీద ఉంటుంది. అందుకే ‘వాడు నాకు గుండు కొట్టాడు’ అని లోకమంతా అంటుంది గాని, ‘వాడు నా తలనీలాలు తీశాడు’ అని మోసం గురించి ఒక్కరూ అనరు. మొక్కు పేరుకు మచ్చ పడలేదు. మచ్చపడినది బోసి తల మాత్రమే. కాబట్టి తప్పేమోనన్న బెంగ మీకు అక్కరలేదు.

ఆ బోసితనానికి కొండతో సంబంధం లేని పాత అవమానం వేరే ఉంది. నేరం చేసినవాడికి తల గొరిగి గాడిద మీద ఊరేగించడం, భర్త పోయిన ఆడదానికి బలవంతంగా జుట్టు తీయించడం మన సమాజం ఎరిగినవే. ముండనం అంటే సంస్కృతంలో గొరగడమే. ఆ మాట నుంచే ఆడవాళ్లను తిట్టే మాట ఒకటి పుట్టి ఇప్పటికీ వీధుల్లో తిరుగుతున్నదంటే, ఇష్టం లేని క్షవరం ఎంత చేదుగా ఉండేదో ఊహించుకోవచ్చు. ఒకే కత్తి, ఒకే తల. వంచినవాడు ఎవడన్నదే తేడా.

తిరుపతిలోనే పుట్టిందా అంటే, కాదనే చెప్పాలి. తమిళంలో బోడితలను మొట్టై అంటారు. ‘మొట్టై అడి’ అంటే గుండు కొట్టడం, అలాగే నిలువునా దోచుకోవడం. అక్కడి ‘అడి’ కూడా మన ‘కొట్టు’ లాంటిదే కావడం గమనించండి. కన్నడంలో ‘తలె బోళిసు’ అంటే తల గొరగడం, మోసగించడం. హిందీలో మూండ్‌నా అనే క్రియకు రెండు అర్థాలూ ఉన్నాయి. కసి ఎక్కువైతే ఆ భాషలో ‘తిరగేసిన కత్తితో గొరిగాడు’ అంటారు. మన తెలుగులోనే గుండు ప్రసక్తి లేకుండా ‘నున్నగా గొరిగేశాడు’ అనే మాట ఉంది. ఇన్ని భాషల్లో కనబడే పోలిక ఒక్క ఊరి సొత్తు కాలేదు. అయితే ఏటా లక్షల తలలు గుండ్లయ్యే ఊరు పక్కనే ఉన్నందువల్ల, ఈ మాట మన నోళ్లలో మిగతావాళ్ల కంటే ఎక్కువ నానింది. బయటూరికి జుట్టుతో పోయి గుండుతో దిగిన స్నేహితుడిని మన అంగడి వీధిలో ‘ఏమబ్బా, దేవునికిచ్చినావా, మనుషులకిచ్చినావా?’ అని అడగడం రెండు అర్థాలూ తెలిసిన ఊరివాళ్లకే చేతనవుతుంది.

మోసానికి వాడే మన మాటలన్నీ ఇలా మెడకు పైనే ఎందుకుంటాయో నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. నామం పెట్టడం నుదుటి మీద, శఠగోపం పెట్టడం నెత్తి మీద, కుచ్చుటోపీ వేయడం కూడా నెత్తి మీదే, పువ్వు పెట్టడం చెవిలో. వీటిలో నామం, శఠగోపం మన గుళ్ల నుంచి నేరుగా వీధిలోకి వచ్చినవి. పంగ అంటే చీలిన కొమ్మ; చీలిన ఆకారంలో దిద్దే బొట్టు పంగనామం. కేశవ నామాల నుంచి పన్నెండు పేర్లు చెబుతూ ఒంటి మీద పన్నెండు చోట్ల దిద్దుతారు కాబట్టి ఆ గుర్తుకే నామం అనే పేరు వచ్చింది. శఠగోపం భక్తుల తలపై ఉంచే స్వామి పాదుకలు. నమ్మాళ్వారుకు శఠకోపుడు అనే పేరుంది, దాని నుంచి వచ్చిన మాట. బజారులో ఈ మాటలు ఒకటికి బదులు ఒకటి వాడినట్టు కనిపిస్తాయి గాని, చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. అప్పు తీసుకొని తిరిగి ఇవ్వనివాడు నామం పెడతాడు. నమ్మకంగా పక్కన తిరిగి ముంచినవాడు టోపీ వేస్తాడు. పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినచోట శఠగోపం ఎక్కువ వినబడుతుంది. మన చేతిలో ఉన్నదాన్ని, మన కళ్లెదుటే, బేరంలోనో ధరలోనో ఊడ్చుకుపోతే అది గుండు. మీ అన్నగారికి జరిగినదానికి గుండే సరైన మాట. పోయిన డబ్బు మాత్రం గోవిందా.

ప్రశ్న: మాది పలమనేరు. బెంగళూరులో పనిచేసే మా అబ్బాయి స్నేహితులు శనివారం సాయంత్రం ‘గుండు’ అంటూ నవ్వుకుంటారు. వేలూరు నుంచి వచ్చిన మా వియ్యపురాలు మా మనవడిని ఎత్తుకొని ‘గుండు పిల్ల’ అంటే, పుట్టువెంట్రుకలు కూడా తీయించని బిడ్డను అలా అంటుందేమిటని మా ఇంటావిడ నొచ్చుకుంది. ఇవన్నీ ఒకే మాటలా?
(ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: ఒకే మాట, మూడు ఇళ్లు. తమిళంలో గుండు అనగానే ముందు వచ్చే అర్థం లావు. బొద్దుగా ఉన్న బిడ్డ గుండు బిడ్డ, కాబట్టి మీ వియ్యపురాలు మురిపెంగానే అన్నారు. జుట్టు తీయించిన తలను వాళ్లు గుండు అనరు, మొట్టై అంటారు. పాతకాలపు గాజు దీపం వాళ్లకు గుండు బల్బు, బాంబు కూడా గుండే. ఇరుకు చోట తిరుగుతూ పెద్ద పనులు చేస్తున్నాననుకునేవాడిని ‘గుండు చట్టిలో గుర్రం తోలుతున్నాడు’ అని వెక్కిరిస్తారు. చట్టి మన చట్టే. తెలుగులోనూ ‘మనిషి గుండులా ఉన్నాడు’ అంటే గట్టిగా, రోగం రొష్టు లేకుండా ఉన్నాడని మెచ్చుకోలే గాని, లావన్న ఎత్తిపొడుపు కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ముసలాయనను చూసి అలా అంటే ఆయన సంతోషిస్తాడు. అదే మాట వేలూరులో అంటే అద్దంలో చూసుకుంటాడు.

కన్నడంలో బొద్దు పిల్లవాడికి గుండ అనే ముద్దుపేరు ఉంది, గుండప్ప మర్యాదైన పేరు. మీ అబ్బాయి స్నేహితులు నవ్వుకుంటున్నది మాత్రం వేరు. ‘గుండు హాకు’ అంటే కన్నడ వీధి భాషలో మందు కొట్టడం. తుపాకి గుండులా గొంతులో దిగుతుంది కాబట్టి అన్నారేమోనని నాకు అనిపిస్తుంది. మనము మందును ‘కొట్టి’, వాళ్లు గుండును ‘వేసి’, చివరికి ఇద్దరూ చేరే చోటు ఒకటే.

పలమనేరు, కుప్పం వైపు ఈ కలగాపులగం తప్పదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు తాలూకాలు కొన్ని, కడప తాలూకాలు కొన్ని కలిసి ఒక జిల్లా అయ్యాయి. 1960లో తిరుత్తణి తమిళ వైపు పోయింది. గీతలు కాగితం మీద మారాయి గాని, సంతలు, పెళ్లిసంబంధాలు గీతలను చూసి ఆగలేదు. మూడు భాషలూ ఒకే మాటను మూడు అర్థాలతో వాడేచోట, మీ ఇంటావిడ లాగా నొచ్చుకోవడానికి ముందు, ఏ భాషలో అన్నావమ్మా అని అడగడం మంచిది.

ప్రశ్న: మామిడితోటను ‘గుండుగుత్తగా’ ఇచ్చానంటే మా పట్నం కోడలు నవ్వింది. ఇందులో గుండు ఎక్కడిది?
(ఒక రైతు, దామలచెరువు)

జవాబు: గుత్త అంటే ఇంత మొత్తానికి ఇన్నాళ్లు అని కుదుర్చుకొనే ఒప్పందం, మన రాయలసీమలో పొలాలకు, చెరువు చేపలకు, చింతచెట్లకు కూడా వాడతాము. గుండుగుత్త అంటే విడివిడి లెక్క లేకుండా, మొత్తం ఒకే ముద్దగా మాట్లాడుకోవడం. పూత మీదనో పిందె మీదనో తోటంతా తిరిగి చూసి, కొమ్మల బరువును కంటితో అంచనా కట్టి వ్యాపారి ఒక అంకె చెబుతాడు; కాటా ఉండదు, చెట్టుకింత అన్న లెక్క ఉండదు. ఆ తరువాత గాలివానకు కాయ రాలినా, తోతాపురి ధర పడిపోయినా నష్టం గుత్తదారుది, ధర పెరిగితే లాభమూ అతడిదే. ఇక్కడి గుండు చీలికలు లేని నిండు ముద్ద అనే మూలార్థానికి దగ్గరగా ఉంది గాని క్షవరంతో సంబంధం లేదు. ధర పెరిగిన ఏడు మీకూ, పడిన ఏడు వ్యాపారికీ ఆ రెండో గుండు కూడా గుర్తురావచ్చు, అది వేరే సంగతి.

ప్రశ్న: సగంలో వదిలేసిన పనిని ‘తిరుపతి క్షవరం’ అంటారు. మా ఊరికి ఇది అవమానం కాదా?
(ఒక పాఠకుడు, చంద్రగిరి)

జవాబు: ఈ నానుడి మాత్రం నిస్సందేహంగా మన ఊరిది, దాచుకోవలసిన అవసరమూ లేదు. యాత్రికులు గుంపులుగా దిగేచోట ఒక్క క్షురకుడి ముందు పదిమంది నిలబడితే, ఒకరిది పూర్తిచేసేలోగా మిగతావారు పక్కవాడి దగ్గరకు పోతారు. అందుకని ప్రతి తల మీదా నడినెత్తిన ఒక గాటు గీసి కూర్చోబెట్టేవారట. సగం గొరిగిన తలతో ఎవడూ లేచిపోడు, ఇంకొకడు చేయి పెట్టడు. అన్నీ మొదలుపెట్టి ఏదీ ముగించని పనికి ఈ పేరు అలా వచ్చిందని చెప్పుకుంటారు.

దీన్ని జనం చాలాసార్లు పొరపాటుగా వాడతారు. ఒకే పనిని సగంలో ఆపేస్తే అది తిరుపతి క్షవరం కాదు, సగం పని మాత్రమే. పది పనులను ఒకేసారి పట్టుకొని, ఒక్కొక్కదానికి ఒక్కో గాటు పెట్టి, ఏదీ చేజారకుండా, ఏదీ పూర్తికాకుండా నడిపించేవాడికే ఆ బిరుదు చెల్లుతుంది. ముందు డబ్బు పుచ్చుకొని నాలుగు ఇళ్లకు పునాదులు తవ్వి, వారానికో ఇంటికి వెళ్లే మేస్త్రీని చూస్తే పోలిక ఎంత సరిగ్గా ఉందో తెలుస్తుంది. అందులో సోమరితనం లేదు, తెలివి ఉంది. ఆ తెలివి గుర్తింపబడినందుకు నేనైతే చిన్నబుచ్చుకోను. ఇప్పుడు కొండమీద టోకెను పద్ధతి ఉంది, ఒక తల పూర్తయ్యాకే మరొక తల. నానుడికి ఆధారమైన పని పోయింది, నానుడి మాత్రం మేస్త్రీల పుణ్యమా అని బతికే ఉంది.

ప్రశ్న: ‘బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు’ అంటారు. మోకాలే ఎందుకు?
(ఒక విద్యార్థిని, శ్రీకాళహస్తి)

జవాబు: రెండూ నున్నగా, గుండ్రంగా ఉంటాయి, చూపుకు దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. కాని ముడివేయడానికి జుట్టు కావాలి, అది రెండింటిలో దేనికీ లేదు. పైపోలిక చూసి సంబంధం కలిపేవాడికి ఇంతకంటే తగిన మాట దొరకదు.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిని. వ్యాసంలో ఒక పిల్లవాడు ‘దుకాణదారుడు మా నాన్నకు గుండు కొట్టాడు’ అని రాశాడు. మార్కులు తీసేయాలా?
(ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు)

జవాబు: తీసేయకండి. పాత్రల సంభాషణలోనూ, సొంత అనుభవం చెప్పే వ్యాసంలోనూ ఆ వాక్యం చక్కగా ఇముడుతుంది. ‘నాన్నకు’ అన్న ఆరో విభక్తి, ‘కొట్టాడు’ అన్న క్రియ కలిసి మోసం అనే అర్థాన్ని స్పష్టంగా ఇస్తున్నాయి. పైన చెప్పిన వ్యాకరణాన్ని ఆ పిల్లవాడు ఎవరూ నేర్పకుండానే పాటించాడు. అదే అబ్బాయి ‘మా నాన్న దుకాణంలో గుండు కొట్టించుకున్నాడు’ అని రాసి ఉంటే, అది మంగలి దుకాణమా కిరాణా దుకాణమా అని అంచున రాసి వెనక్కి ఇవ్వవచ్చు.

వేరే సందర్భాల్లో మాత్రం ఆ వాక్యాన్ని మార్చి రాయించండి. చరిత్ర పాఠానికి జవాబు రాసేటప్పుడు, సంతాప సందేశంలో, ఆఫీసులకు పెట్టే అర్జీల్లో ఈ మాట చెల్లదు. వినియోగదారుల కమిషనుకు గాని పోలీసు స్టేషనుకు గాని ఇచ్చే ఫిర్యాదులో తేదీ, సొమ్ము, రసీదు సంఖ్య, ‘అధిక ధర వసూలు చేసి మోసగించారు’ అనే వాక్యం ఉండాలి. పిల్లలకు ఒకే సంఘటనను రెండు విధాలుగా, ఒకటి స్నేహితుడికి ఉత్తరంగా, ఒకటి అధికారికి అర్జీగా రాయమని ఇవ్వండి. గుండు ఎక్కడ ఉండాలో వాళ్లే తేల్చుకుంటారు.